తవక్కుల్ అంటే జాగ్రత్త మానెయ్యడం కాదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





సైన్సు చదివితే పిల్లల ఈమాన్ తగ్గిపోతుందేమోనని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. మతం పట్టుకున్నవాడికి సైన్సు ఒంటబట్టదని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ సరికావు.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసివయసులో కన్నుమూసిన రోజున మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ప్రవక్త (స) ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. ఆ రోజే గ్రహణ నమాజూ చేయించారు.

మన తెలుగునేల మీద హైదరాబాదు నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించి 1901లో వేధశాల నెలకొల్పారు. 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ప్రపంచ దేశాల వేధశాలలు ఆకాశాన్ని వంతులు వేసుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తే, అందులో మన హైదరాబాదు వంతూ ఉంది. ఒక దాత ఖర్చు చేసిన సొమ్ము ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

ఇక మన ఊరి మాట. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. రసాయన ద్రావకం లీకై, ఆవిరి వ్యాపించి పేలిందని అధికారులు చెప్పారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా "తఖ్దీర్, రాసిపెట్టి ఉంది" అనేస్తాం. ఆ మాట కన్నవారికి ఓదార్పు కావచ్చు. బతికున్నవాళ్ళ బాధ్యతకు మాత్రం అది సాకు కాకూడదు.

సిరియాలో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపే వెళుతున్నామని ఆయన జవాబిచ్చారు. ఒంటెను కట్టేసి, ఆ తర్వాతే అల్లాహ్ మీద భారం వెయ్యమన్న ప్రవక్త (స) బోధ కూడా ఇదే. లీకేజీని కనిపెట్టడం, వాల్వు సరిచూడడం, మాస్కు పెట్టుకోవడం ఒంటెను కట్టెయ్యడమే.

సృష్టి మొదలు గురించి సైన్సు పాఠానికీ మన నమ్మకానికీ మధ్య పిల్లలకు ప్రశ్నలు రావచ్చు. కసురుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. ప్రశ్నించిన పిల్లవాడు దీన్‌కు దూరమైనట్టు కాదు.

దాతలకు నాదొక మనవి. మీ సదఖాలో కొంత ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ చదివే పేదపిల్లల ఫీజులకు కేటాయించండి. నెలకో జుమా తర్వాత, ఫ్యాక్టరీ పనికి వెళ్ళే మన కుర్రాళ్ళకు అరగంట భద్రతా పాఠం చెప్పించండి. పక్కింటి హిందూ, క్రైస్తవ కుర్రాళ్ళనూ పిలవండి. విషవాయువుకు మతం తెలియదు.

జ్ఞానాన్ని పెంచమని వేడుకోవడం ఖుర్ఆనే మనకు నేర్పింది. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దృఢమైన ఈమాన్‌ను కలిపి ప్రసాదించుగాక. పనికి వెళ్ళిన ప్రతి బిడ్డనూ క్షేమంగా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.