వయోజనుల కంప్యూటర్ విద్య: పక్కన కూర్చునే బోధకుని బాధ్యత

(వయోజన శిక్షణ తరగతుల బోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపి విరమించిన వారము. మా కాలంలో అర్జీ వ్రాసుకోలేని వారు కార్యాలయం ఎదుట చెట్టు కింద కూర్చున్న లేఖరిని ఆశ్రయించేవారు. నాలుగు డబ్బులు ఇచ్చినా, వ్రాసిన కాగితం మాత్రం తమ చేతిలోనే ఉండేది. నేడు ఆ చెట్టు స్థానంలోకి ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది. రుసుము పెరగడం అటుంచండి. పాస్‌వర్డ్ వారి పుస్తకంలోనే ఉంటుంది, ఒక్కోసారి ఓటీపీ వచ్చే ఫోను కూడా వారిదే అవుతుంది. తన దరఖాస్తు ఏ దశలో ఉన్నదో తెలుసుకోవాలన్నా పింఛను కోసం తిరిగే ఒక తల్లి మళ్లీ ఆ గడపే ఎక్కవలసి వస్తున్నది.

మన ఇళ్లలో దీనికి తోడు పేర్ల చిక్కు ఒకటి ఉన్నది. ఒకే మనిషి ఇంటిపేరు ఆధార్‌లో ‘షేక్’ అని పూర్తిగా, రేషన్ కార్డులో ‘ఎస్.కె.’ అని పొడిగా, ఓటరు జాబితాలో మరొక స్పెల్లింగుతో ఉంటుంది. మహమ్మద్ అనే పేరుకు ఇంగ్లీషులో ఎన్ని రూపాలున్నాయో దస్త్రాలు చూసిన మాకు తెలుసు. మనిషి గుమాస్తా అయితే ముఖం చూసి, రెండు ప్రశ్నలు వేసి పోల్చుకునేవాడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. అక్షరం తేడా వస్తే వేరే మనిషి అంటుంది. ఆ అక్షరాన్ని తెరపై స్వయంగా చూసుకోగలిగిన వారే సకాలంలో సవరణకు పూనుకోగలరు.

బీహారులో జరిగినది గుర్తు చేసుకుందాం. 2025 ఆగస్టు 1న ప్రకటించిన ముసాయిదా ఓటరు జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను కారణాలతో సహా, ఓటరు కార్డు సంఖ్యతో వెతుక్కునే విధంగా వెబ్‌సైట్లలో ఉంచాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్యాలయాల వద్ద కాగితం జాబితాలు అంటించాలని కూడా చెప్పింది. న్యాయస్థానం తలుపు తెరిచింది, వెతకవలసిన పని మాత్రం ఓటరుదే. అంతకు ముందు ఏప్రిల్ 30న అదే న్యాయస్థానం, డిజిటల్ సేవలను అందుకోగలగడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. దృష్టి లేని వారు, యాసిడ్ దాడికి గురైన వారు వేసిన వ్యాజ్యాలలో వచ్చిన తీర్పు అది. మన పెద్దలకూ అది అక్కరకు వచ్చేదే అని మేము భావిస్తున్నాము.

వక్ఫ్ ఆస్తుల సంగతీ ఇంతే. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయడానికి చట్టం ఆరు నెలల గడువు ఇచ్చింది. ముతవల్లీ నమోదు చేయాలి, తర్వాత ఒకరు సరిచూడాలి, మరొకరు ఆమోదించాలి. మా కార్యాలయాలలో గుమాస్తా, సూపరింటెండెంటు, అధికారి ఉన్నట్లే మూడు మెట్లు. కానీ మొదటి మెట్టు మీద నిలబడవలసిన వారిలో చాలామంది ఈమెయిలు కూడా లేని వృద్ధులు. తరతరాల ఆస్తి వివరాలు ఏ కుర్రవాడు తీరిగ్గా దొరికితే వాని చేతిలో పెట్టవలసి వచ్చింది.

గ్రామీణ డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో తెచ్చిన పథకం 14 నుంచి 60 ఏళ్ల వారికే, కుటుంబానికి ఒక్కరికే పరిమితమైంది. 2024 మార్చితో అది ముగిసింది. అరవై దాటిన వారికి, పట్టణ బస్తీలకు అందులో చోటే లేకపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన వారు 21 శాతం, పురుషులలో 48.8 శాతం. అందుకే ఈ పని మన భుజాల మీద పడింది.

ఇక బోధకులకు మేము చెప్పదలచినది. “ఇటివ్వండి ఖాలా, నేను చేసేస్తాను” అనే మాట తరగతిలో వినిపించకూడదు. అది ఎంత ప్రేమగా అన్నా, నేర్చుకునే వారి చేతిలోని పనిని లాగేసుకోవడమే. మీ చేతులు మీ ఒడిలోనే ఉండాలి. నోటితో చెప్పండి, వేలితో చూపండి, మౌసును మాత్రం ముట్టవద్దు. ఒక బోధకునికి ఇద్దరికి మించి ఇవ్వము. ఆమె ‘అ’ మీట వెతుక్కోవడానికి అర నిమిషం పడితే ఆ అర నిమిషం ఆగండి. మనవడి వయసు వారి ముందు తప్పు చేయడం పెద్దలకు ఎంత నామోషీయో మీకు ఇంకా తెలియదు.

మౌసు అలవాటుకు బొమ్మలు గీసే పెయింట్ చాలు. మా కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మాకు మౌసు నేర్పినది పేకాట. ఆ పద్ధతి ఇక్కడ వద్దులెండి.

మొదటి పాఠం కంప్యూటరు భాగాల పేర్లతో మొదలు పెట్టకండి. ఆమె ఓటరు వివరాలు ఆమె చేతే తెరిపించండి. తన పేరు తెరపై చూసుకున్న మనిషి రెండో రోజు పిలవకుండానే వస్తుంది. తెలుగు చదవలేక ఉర్దూ చదవగలిగిన వారి ఫోనులో ఉర్దూ కీబోర్డు పెట్టండి. నూర్‌బాషా, దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటి భాష. అక్కడ తెలుగు కీబోర్డే సరైనది. ముస్లింలందరికీ ఉర్దూ వస్తుందన్న భ్రమ బయటివారికే కాదు, మనవారికీ ఉన్నది.

మోసాల పాఠం చివరకు నెట్టవద్దు, మొదటి వారంలోనే చెప్పండి. ఓటీపీ బోధకునికి కూడా చెప్పరాదు. మీరే అడిగి చూడండి, చెప్పకపోతే మెచ్చుకోండి. బ్యాంకు పేరుతో, చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కరాదు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో లేదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా, ఆ గంటలోనే 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు గోడ మీద మూడు భాషలలో వ్రాయించాము.

పురుషుల తరగతి అసర్, మగ్రిబ్ నమాజుల మధ్య, స్త్రీల తరగతి ఉదయం 11 గంటలకు జరుగుతాయి. స్త్రీల తరగతికి ఇంకా ఇద్దరు బోధకురాళ్లు కావాలి. ఇంట్లో వాడని ల్యాప్‌టాప్ ఉన్నవారు ఛార్జర్‌తో సహా ఇవ్వండి. ఛార్జర్ లేనివి ఇప్పటికే మా దగ్గర మూడున్నాయి. పేర్లు ఇవ్వదలచిన వారు సభ ముగిసిన తర్వాత ద్వారం పక్క బల్ల మీది పుస్తకంలో వ్రాయగలరు.