చంటిబిడ్డ పిర్రల మీద గడ్డలు: ఒరుపుకి రాసిన ట్యూబు తెచ్చిన తంటా

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు తల్లులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు జరిగిన ఆరోగ్య సదస్సులో ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది బిడ్డ పిర్రల గురించి. కొందరు నవ్వుతున్నారు, నవ్వండి, ఫరవాలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి మాత్రం ఇది నవ్వులాట కాదు. గజ్జల్లో, పిర్రల మీద ఒరుసుకుపోయి ఉచ్చ తగిలినప్పుడల్లా బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మునేరు పక్క ఊరి నుంచి ఒక తల్లి ఆరు నెలల మగబిడ్డను తీసుకుని వచ్చింది. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టింది కాని గుడ్డ విప్పడానికి ఆమె చేతులు రాలేదు. నేనే విప్పాను. రెండు పిర్రల మీద, తొడల పైభాగంలో ఆరేడు గడ్డలు ఉన్నాయి. నేరేడుపండు రంగుకు దగ్గరగా ఎర్రగా, కోలగా, గట్టిగా ఉన్నాయి. చిన్నవి శనగగింజంత, పెద్దది చింతగింజ కన్నా పెద్దది. చిత్రమేమిటంటే నొక్కితే బిడ్డ ఏడవలేదు. ఏడుస్తున్నది తల్లి. పక్కింటివాళ్ళు ఇది కేన్సరు అన్నారట. ఇంకొకరు తండ్రికి ఏదో చెడ్డ జబ్బు ఉంటేనే బిడ్డకు ఇలా వస్తుందన్నారట. ఆ మాట మీద భార్యాభర్తలు పది రోజులుగా మాట్లాడుకోవడం లేదు.

అది కేన్సరు కాదు, చెడ్డ జబ్బు కూడా కాదు. దాని పేరు గ్రాన్యులోమా గ్లూటియేల్ ఇన్ఫాంటమ్. పేరు పెద్దదే కాని అర్థం చిన్నదే, పసిబిడ్డల పిర్రల మీద వచ్చే గడ్డలు అని. 1971లో టాపైనర్, ఫ్లేగర్ అనే ఇద్దరు చర్మవైద్యులు దీనికి ఆ పేరు పెట్టి వర్ణించారు. అరుదైనది. చాలామంది డాక్టర్లు తమ జీవితంలో ఒకటో రెండో చూస్తారు. కాని ఇది ఎలా వస్తుందో తెలిస్తే, అరుదైన జబ్బు గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు మామూలు ఒరుపు సంగతి చూద్దాం. తడి గుడ్డలో ఎక్కువసేపు ఉంటే చర్మం నాని మెత్తబడుతుంది. ఉచ్చ, దొడ్డి కలిసినప్పుడు అమ్మోనియా పుట్టి చర్మం మీద క్షారగుణం పెరుగుతుంది. దాంతో దొడ్డిలో ఉండే జీర్ణరసాలు చురుకై, నానిన చర్మాన్నే తినడం మొదలుపెడతాయి. పైన గుడ్డ ఒరిపిడి ఒకటి. అందుకే విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఒక్క పూటలోనే పిర్రలు ఎర్రగా కందిపోతాయి. మూడు రోజులు దాటినా తగ్గకపోతే చాలాసార్లు కాండిడా అనే ఫంగస్ చేరుతుంది. బిడ్డ నాలుక మీద తెల్లగా పేరుకునే పూత కూడా అదే జాతి. అప్పుడు ఎరుపు గజ్జల మడతల్లోకి దిగి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు వేస్తుంది.

ఇంతవరకు ప్రతి ఇంట్లో ఉండేదే. ఇక ఆ బిడ్డ ఇంట్లో ఏం జరిగిందో వినండి.

సంక్రాంతి వెళ్ళాక తల్లి మిరపకాయ కోతకు పోవడం మొదలుపెట్టింది. బిడ్డ నాయనమ్మ దగ్గర. పొద్దున కట్టిన డైపరు సాయంత్రం తల్లి వచ్చాకే మార్చేవారు. ఒక్కో డైపరు ఖరీదు ఆలోచిస్తే ఆ పెద్దావిడను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంకో సంగతి, మిరపకాయలు కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. ఆ చేతులతోనే బిడ్డను కడిగితే ఒరిసిన చర్మం భగ్గుమంటుంది. ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు, మన ఊరి తల్లులే నేర్పారు. కోత నుంచి రాగానే ముందు చేతులకు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. మొదట నీళ్ళతో కడిగితే ఆ ఘాటు వదలదు.

బిడ్డకు ఒరుపు వచ్చింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. పెద్దవాళ్ళకు గజ్జల్లో తామరకు రాసే ట్యూబే. రాసిన రెండో రోజుకు ఎరుపు మాయం. ఎంత మంచి మందో అనుకున్నారు. మానేసిన మూడో రోజుకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశారు. ఇలా ఉగాది దాటేవరకు నాలుగు ట్యూబులు అయ్యాయి. అప్పటికి గడ్డలు లేచాయి.

ఆ ట్యూబులో మూడు మందులు కలిపి ఉన్నాయి. ఒకటి ఫంగస్‌కు, ఒకటి సూక్ష్మక్రిములకు, మూడోది క్లోబెటసాల్ అనే స్టీరాయిడ్. చర్మానికి రాసే స్టీరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన జాతిది అది. స్టీరాయిడ్ ఎరుపును, దురదను వెంటనే అణచివేస్తుంది, కాని ఒరుపు పుట్టించిన తడిని ఏమీ చేయదు. పైగా చర్మపు రక్షణశక్తిని తగ్గించి ఫంగస్‌కు చోటిస్తుంది. పైకి కనబడదు, లోపల సాగుతూ ఉంటుంది. గడ్డలు సరిగ్గా ఎందుకు కడతాయో ఇంకా పూర్తిగా తేలలేదు గాని, వచ్చిన బిడ్డల్లో ఎక్కువమందికి వెనుక ఉన్నవి ఇవే: ఎడతెగని ఒరుపు, స్టీరాయిడ్ పూత, కాండిడా, గాలి ఆడని ప్లాస్టిక్ నిక్కరు.

గడ్డల కన్నా నన్ను భయపెట్టింది ఆ బిడ్డ బుగ్గలు. గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. తల్లి మాత్రం ‘బొద్దుగా ఉన్నాడండీ’ అన్నది. డైపరు కింద రాసిన మందు మూతపెట్టిన కుండలో ఆవిరిలా బయటికి పోలేక చర్మం గుండా రక్తంలోకి ఇంకుతుంది. పసిబిడ్డ చర్మం పలుచన, బరువు తక్కువ. శరీరం తనకు కావలసిన స్టీరాయిడ్‌ను మూత్రపిండాల పైనున్న చిన్న గ్రంథుల్లో తానే తయారు చేసుకుంటుంది. బయటి నుంచి వస్తూ ఉంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. ముఖం ఉబ్బుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఎదుగుదల ఆగుతుంది. అప్పుడు ట్యూబును ఒక్కసారిగా ఆపేసి, అదే సమయంలో బిడ్డకు జ్వరమో విరేచనాలో వస్తే, తట్టుకునే శక్తి లేక వాంతులు, మత్తు, రక్తంలో చక్కెర పడిపోవడం దాకా వెళ్ళవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇది విన్నాక ఇంటికి వెళ్ళి ట్యూబును పెంటమీద పారేయాలని కొందరికి అనిపిస్తుంది. రెండు మూడు రోజులు రాసినవాళ్ళు అలాగే చేయవచ్చు. వారాల తరబడి రాసినవాళ్ళు పారేయకండి, ట్యూబుతో సహా బిడ్డను డాక్టరుకు చూపించి, ఎలా ఆపాలో అడిగి ఆపండి.

ఈ బిడ్డకు ఉదయం పూట రక్తం తీసి విజయవాడకు పంపితే కార్టిసాల్ తక్కువగా ఉన్నట్టు తేలింది. కొన్ని వారాలు నోటి ద్వారా కొద్ది మోతాదు మందు ఇచ్చి, నెమ్మదిగా తగ్గిస్తూ వచ్చాం. గడ్డలకు కోత లేదు, ఇంజెక్షను లేదు. ట్యూబు ఆపి, ఫంగస్‌కు విడిగా మందు రాసి, చర్మాన్ని పొడిగా ఉంచాం, అంతే. మూడో వారానికి గడ్డలు మెత్తబడ్డాయి. పూర్తిగా అణగడానికి మూడు నెలలు పట్టింది. రెండు చోట్ల పలుచని మచ్చలు మిగిలాయి. ముక్క తీసి పరీక్ష చేయించమని తండ్రి పట్టుబట్టాడు. గడ్డలు తగ్గే దారి పట్టకపోతే తప్పకుండా చేయిద్దామన్నాను, అవసరం రాలేదు.

పొడిగా ఉంచడమంటే ఎలాగంటారా? డైపరు గాని పాత చీర గుడ్డ గాని తడవగానే మార్చండి, దొడ్డికి పోతే క్షణం ఆగవద్దు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి. రోజులో కొన్నిసార్లు ఏమీ కట్టకుండా, నీడపట్టున గాలికి వదిలేయండి. మన ఎండల్లో ఇదొక్కటే సగం వైద్యం. తర్వాత జింక్ ఆక్సైడ్ పూతో, వాసన లేని వాజలీనో మందంగా పట్టించండి. అది మందు అనుకోకండి, గోడకు సున్నంలాంటిది, తడి తగలకుండా అడ్డు. గుడ్డలు వాడేవారు సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి ఎండలో ఆరేయండి. గుడ్డ పైన ప్లాస్టిక్ నిక్కరు తొడగవద్దు. పౌడరు చల్లితే బిడ్డ ఊపిరిలోకి పోతుంది. బోరిక్ పౌడరు అయితే ఒరిసిన చర్మం గుండా ఒంట్లోకి చేరి విషమవుతుంది, ఇంట్లో ఉంటే తీసేయండి.

స్టీరాయిడ్ అన్నదే పాపమని నేను అనడం లేదు. తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్‌ను డాక్టరు కొద్ది రోజులకు రాసి ఇవ్వవచ్చు. చీటీ లేకుండా, లెక్క లేకుండా రాయడమే చిక్కు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూత మందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడగకుండా ఇచ్చే చోట్లు ఉన్నాయి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే, చదువు వచ్చిన పిల్లల చేత చదివించి, బిడ్డకు రాయకుండా పక్కన పెట్టండి. ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, నాకే కళ్ళద్దాలు కావాలి.

మూడు రోజుల్లో ఒరుపు తగ్గకపోయినా, పుండ్లు పడినా, చీము, జ్వరం ఉన్నా, గడ్డలు కనబడినా తీసుకురండి. పిర్రలతోపాటు నోటి చుట్టూ, చేతులకు కూడా పుండ్లు వచ్చి, జుట్టు రాలుతూ, విరేచనాలు ఆగకపోతే అది వేరే సంగతి, ఒంట్లో జింకు తక్కువైన జబ్బు కావచ్చు. దానికి పూత చాలదు, నోటి ద్వారా మందు ఇవ్వాలి.

వచ్చేటప్పుడు ఇంట్లో బిడ్డకు రాసినవన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, ఖాళీ ట్యూబులు కూడా. తిడతామని దాచకండి. ఆ నాయనమ్మ నాలుగో ట్యూబును కొంగున ముడివేసుకుని వచ్చి, అందరూ బయటికి వెళ్ళాక నా చేతిలో పెట్టింది. దాని మీది పేరు చదివాకే ఆ బిడ్డకు రక్తపరీక్ష రాశాను.