రెండు గ్రేల లెక్క

ఇది ఒక ఫిజిక్స్ మాస్టారి స్మారక సభ కాబట్టి ధైర్యంగా లెక్కలు చెబుతాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 దాకా పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనివే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. మనవాళ్లు అక్కడికి వెళ్లి ‘కరెంటు పెట్టించుకోవడం’, అంటే రేడియేషన్ చికిత్స, అంతకుముందూ ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు వచ్చాక ఖర్చు బెంగ కొంత తగ్గింది. రేడియేషన్‌ను కొలిచేది గ్రేలలో; రోజుకు రెండు గ్రేలని రాసిన మోతాదు సరిగ్గా రెండే పడుతోందా అని మాత్రం అడిగేవాళ్లు అరుదు.

కోబాల్ట్ యంత్రంతో చికిత్స 1951లో కెనడాలో మొదలైంది. కోబాల్ట్-60 బలం 5.27 ఏళ్లకు సగమవుతుంది, అంటే నెలకు ఒక శాతం పైచిలుకు తరుగు. ఆ మేరకు చికిత్స సమయం పెంచుతూ పోవాలి. 1974-76లో అమెరికాలోని కొలంబస్‌లో ఈ తరుగు గ్రాఫును తప్పుగా గీశారు. మూలం నిజంగా తరిగినదానికన్నా ఎక్కువ తరిగినట్టు చూపిన ఆ గీతను నమ్మి సమయం పెంచారు. 22 నెలలు ఎవరూ పరికరం పెట్టి కొలవలేదు. 400 మందికి పైగా రోగులకు మోతాదు మించింది. గీత తప్పడం మానవ సహజం. అన్ని నెలలు కొలవకపోవడాన్ని మాత్రం నేను క్షమించలేను.

తర్వాత కరెంటుతో కిరణాలు పుట్టించే లీనాక్ యంత్రం వచ్చింది. తరుగు బాధ పోయి సెట్టింగుల బాధ వచ్చింది. తెర మీద కనిపించే 200 మానిటర్ యూనిట్లు గ్రేలు కావు. 10×10 సెం.మీ. ఫీల్డు (కిరణాలు పడే మేర), 100 సెం.మీ. దూరం, నిర్ణీత లోతు: ఈ షరతుల్లో 100 యూనిట్లకు ఒక గ్రే పడేట్టు ఫిజిసిస్టు నీటి తొట్టెలో కొలిచి కుదురుస్తాడు. ఫీల్డు మారినా, కిరణాల దారిలో వెడ్జ్ అనే లోహపు దిమ్మ పెట్టినా లెక్క మారుతుంది. దూరం ఒక్క సెంటీమీటరు తప్పితే రెండు శాతం తేడా.

ఇక్కడ మన దక్కన్ పీఠభూమి కథలోకి వస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 950 హెక్టోపాస్కల్స్ దరిదాపు, ప్రమాణం 1013.25. నీటిలో దించి మోతాదు కొలిచే అయొనైజేషన్ చాంబర్ లోపల ఉండేది గదిలోని గాలే. గాలి పలచబడితే రీడింగు తగ్గుతుంది. ఒత్తిడి సవరణ మరిచి, తగ్గిన రీడింగును నమ్మి యంత్రం మోతాదు పెంచారనుకోండి, ప్రతి రోగికీ ఆరేడు శాతం ఎక్కువ పడుతుంది. పొరపాటు ఐదు శాతం మించరాదని రేడియేషన్ కొలతల అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌యూ 1976లోనే చెప్పింది. బారోమీటరు వైపు చూడకపోవడం ఒక్కటే చాలు, ఆ హద్దు దాటడానికి.

కొలిచే పరికరమూ సరిపడేదై ఉండాలి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 2006-07లో అతి చిన్న ఫీల్డులను పెద్ద డిటెక్టర్‌తో కొలిచారు. 145 మందికి మోతాదు తప్పింది. దారపు మందాన్ని గజంబద్దతో చూసినట్టు.

అందుకే బయటివాళ్ల తనిఖీ. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) పోస్టులో పంపే, ప్రత్యేకమైన పొడి నింపిన గొట్టాలకు ఆసుపత్రి చెప్పిన మోతాదు ఇచ్చి తిప్పి పంపుతుంది. ట్రాంబేలో వాటిని వేడి చేసి, వచ్చే వెలుగును బట్టి నిజంగా ఎంత పడిందో చెబుతారు.

ఇక మన ఇళ్లలోకి వచ్చే మాట. నోటి క్యాన్సర్ రోగి ఆరేడు వారాల చికిత్సలో తిండి తగ్గి చిక్కిపోతాడు. మొదట్లో చేసిన ముఖం మాస్కు వదులవుతుంది, తల కదులుతుంది, మోతాదు గురి తప్పుతుంది. మాస్కు వదులైందని మీ ఇంటి మనిషి అంటే సర్దుకొమ్మనకండి. మర్నాడు టేబుల్ ఎక్కకముందే టెక్నాలజిస్టుకు చెప్పించండి.