ఈఆర్‌పీ గేటు, మన లారీ, మన నిద్ర

ఆదివారం పూట బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకోవడం వాయిదా వేసి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు విసిగించను. నన్ను భద్రత గురించి మాట్లాడమన్నారు. హెల్మెట్, బెల్టు గురించి రోజూ టూల్‌బాక్స్ మీటింగ్‌లో వింటూనే ఉన్నారు. ఈసారి సైట్‌లో అడుగు పెట్టకముందే మొదలయ్యే సంగతి చెబుతాను. రోడ్డు మీద కట్టే ఈఆర్‌పీ.

లారీ ముందు సీట్లో కూర్చున్నవాళ్లకి తెలుసు. పైన కమానులా ఉన్న గ్యాంట్రీ కిందకి రాగానే బీప్ అంటుంది, డ్రైవర్ మొహం కాస్త మాడుతుంది. మన ఊళ్లో హైవే మీద కట్టే టోల్ లాంటిది కాదది. టోల్ రోడ్డు వేసిన ఖర్చు రాబట్టుకోవడానికి. ఇది రద్దీ వేళలో ఆ దారిలోకి వచ్చినందుకు. అందుకే అరగంటకో రేటు ఉంటుంది, ఆదివారాలు అసలే ఉండదు.

ప్రపంచంలో ఈ పద్ధతి మొదలుపెట్టింది సింగపూరే, 1975 జూన్‌లో. అప్పుడు బీప్‌లు లేవు. రోజుకి 3 డాలర్లు పెట్టి కాగితం కొని కారు అద్దానికి అంటించుకోవాలి, దారిలో మనుషులు నిలబడి చూసేవాళ్లు. నలుగురున్న కారుకి మాఫీ. దాంతో కొందరు బస్టాపులో ఉన్నవాళ్లని ఎక్కించుకుని లెక్క సరిచేసుకునేవారట. మనమైనా అదే చేసేవాళ్లం! ఉదయం ఊళ్లోకొచ్చే బండ్లు 40 శాతానికి పైగా తగ్గాయి. 1989లో సాయంత్రానికీ పెట్టారు, లారీలనీ చేర్చారు, నలుగురి మాఫీ తీసేశారు. 1998 నుంచి ఇప్పటి ఎలక్ట్రానిక్ గేట్లు. లండన్ 2003లో, న్యూయార్క్ 2025లో ఇదే దారి పట్టాయి.

ఇందులో కిటుకు ఏంటంటే, నా బండి ఒక్కటి రోడ్డెక్కితే నా వెనకున్న వందమందికీ తలా కొంచెం ఆలస్యం. ఆ ఆలస్యం ఖర్చు నా జేబులోంచి పోదు కాబట్టి నాకు పట్టదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరం కలిసి రోడ్డుని ఆపేస్తాం. ఆ ఖర్చుని నా జేబుకి చూపించడమే ఈఆర్‌పీ పని. ఇక్కడ రేటు వేసేది కూడా వేగం చూసే. ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకి 45 నుంచి 65 కిలోమీటర్లు, లోపలి పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30 ఉండాలని లెక్క. వేగం పడిపోతే రేటు పెంచుతారు, బాగుంటే తగ్గిస్తారు.

మన పనికి దీనివల్ల లాభం ఉంది, కాదనను. కాంక్రీట్ ప్లాంటులో కలిపిన దగ్గర్నుంచి గడియారం తిరుగుతూనే ఉంటుంది. గంటన్నర దాటిందంటే స్లంప్ పడిపోతుందేమోనని నా గుండె కొట్టుకుంటుంది. స్లాబ్ సగంలో ఉండగా మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ నష్టం ముందు ఈఆర్‌పీ ఎంత? పెద్ద లారీకి కారుకన్నా రెట్టింపు కడతాం, అయినా టైముకొస్తే చాలు.

పొగ సంగతీ అంతే. ఆగుతూ కదులుతూ పోయే డీజిల్ బండి సాఫీగా పోయేదానికన్నా ఎక్కువ నూనె తాగుతుంది, ఎక్కువ పొగ వదులుతుంది. ఆ పొగ పీల్చేది ఏసీ కారులో ఉన్నాయన కన్నా, రోడ్డు పక్కన కేబుల్ గోతిలో ఉన్న మనమే ఎక్కువ. అయితే గేటు తప్పించుకుని డ్రైవర్ చుట్టుదారి పట్టాడంటే పొగ తగ్గినట్టు కాదు, పక్క పేటకి పంపినట్టు.

ఇక నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట సిటీ లోపల ఒక సైట్‌లో ఉన్నాను. ఆఫీసు నుంచి మాటొచ్చింది, రవాణా ఖర్చు తగ్గించమని. నేను తెలివిగా లారీని నలభై నిమిషాలు ముందుకి జరిపాను. గేటు రేటు మొదలయ్యేలోపే దాటేస్తుంది. ఆఫీసులో శభాష్ అన్నారు. పదిహేను రోజుల తర్వాత శ్రీకాకుళం పెద్దాయన ఒకాయన రాడ్ కట్టింగ్ మెషీన్ దగ్గర నిలబడే కునుకు తీశాడు. పక్కనున్న కుర్రాడు చొక్కా పట్టి లాగకపోతే చెయ్యి పోయేది.

నేను కోప్పడ్డాను. ఆయన మెల్లగా అన్నాడు, "బాబూ, నాలుగింటికి లేస్తన్నాను. పనేమో ఎనిమిదింటికి గదా. మధ్యలో అట్టపెట్టె మీద పడుకుంటన్నాం."

ఆ రాత్రి లెక్క వేశాను. గేటు రేటు కారుకి 3 డాలర్లు అనుకోండి. మన సైజు లారీకి ఒకటిన్నర రెట్లు, నాలుగున్నర. వెనక పద్నాలుగు మంది. తలకి 32 సెంట్లు. 32 సెంట్ల కోసం మనిషికి నలభై నిమిషాల నిద్ర తీసేశాను. అదే గేటు కింద ఒక్కడే కూర్చుని వెళ్లే కారాయన 3 డాలర్లు కట్టి ఇంకో గంట పడుకుంటున్నాడు. గేటుకి బండి సైజు తెలుస్తుంది, లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు. టైము మార్చుకోమని ఎవరికైతే చెబుతోందో వాళ్లకి టైము మార్చుకునే వీలుండాలి. లారీ వెనకున్నవాడి టైము వాడిది కాదు, నాలాంటోడి చేతిలో ఉంది.

రైలు విషయంలో ఇక్కడే వేరే పద్ధతి ఉంది. మామూలు రోజుల్లో ఉదయం 7:45 లోపు ఎంఆర్‌టీ ఎక్కితే 50 సెంట్ల వరకు తగ్గింపు. ముందు లేచినవాడికి డబ్బు మిగులుతుంది. మన లారీలో ముందు లేచేది ఒకరు, మిగిలేది ఇంకొకరికి.

మర్నాడు ఆఫీసుకి ఆ 32 సెంట్ల లెక్కే కాగితం మీద రాసి చూపించాను. కునుకు సంగతి కూడా రాశాను. వారం పట్టింది, కానీ లారీ పాత టైముకే వచ్చింది. కొత్త పనికి కొటేషన్ వేసేటప్పుడు ఈఆర్‌పీని విడిగా రాసి కలుపుతున్నాం ఇప్పుడు. నాతోటి సూపర్‌వైజర్లు, డ్రైవర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ లారీ డార్మ్ నుంచి ఎన్నింటికి కదులుతుంది, పని ఎన్నింటికి మొదలవుతుంది, ఈ రెండూ చెప్పండి చాలు. కంపెనీ పేరు వద్దు. టీ ఇచ్చే బల్ల దగ్గర నోటు పుస్తకం పట్టుకుని ఉంటాను.