పిల్లిమొగ్గలు వేసే పిల్ల



నిన్న క్లాసు అయ్యాక ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, మా చిన్నది ఎప్పుడు చూసినా పిల్లిమొగ్గలు వేస్తుంది. గడ్డివాము మీద నుంచి దూకుతుంది. కొట్టినా మానడం లేదు. కాలో చెయ్యో విరిగితే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు?"

అందుకే ఈరోజు పిల్లిమొగ్గల గురించే మాట్లాడుకుందాం. నవ్వకండి. అది కూడా ఒక విద్యే.

మీలో పెద్దవాళ్ళు దొమ్మరి ఆట చూసే ఉంటారు. ఆ ఆడవాళ్ళు పొడవాటి గడ ఎక్కి, చివరన పొట్ట ఆనించి గిరగిరా తిరిగేవాళ్ళు. కింద పరుపు లేదు, వల లేదు. మనం చప్పట్లు కొట్టాం. నాలుగు గింజలు పెట్టాం. వాళ్ళది గొప్ప విద్య అని మాత్రం అనుకోలేదు.

ఇలాంటి విద్యకే ఈనాడు జిమ్నాస్టిక్స్ అని పేరు. అందులో పేరు తెచ్చుకున్న ఒక అమ్మాయి కథ చెప్తాను. ఆమె దీపా కర్మాకర్. త్రిపుర రాష్ట్రంలో అగర్తలా ఆమె ఊరు. 1993లో పుట్టింది. ఆరేళ్ళ వయసులోనే ఆట మొదలుపెట్టింది. ఆమె అరికాళ్ళు చదును. మధ్యలో వంపు లేదు. అలాంటి కాళ్ళతో దూకి నిలబడడం కష్టం. గురువు బిశ్వేశ్వర్ నంది ఓపికగా కసరత్తులు చేయించాడు. మొదట్లో సరైన సామాను కూడా లేదు. పాత స్కూటరు భాగాలతో సామాను తయారుచేసుకున్నారు.

దీపా ఆడిన ఆట పేరు వాల్ట్. ఎలా ఆడతారో వినండి. దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. స్ప్రింగులున్న పలక మీద కాళ్ళు వేసి ఎగరాలి. ముందు ఒక బల్ల ఉంటుంది. దాని ఎత్తు 125 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పైనే. దాని మీద చేతులు ఆనించి గాలిలోకి లేవాలి. గాలిలో పిల్లిమొగ్గ వేసి కాళ్ళ మీద దిగాలి.

దీపా వేసింది ఒకటి కాదు, రెండు పిల్లిమొగ్గలు! ఈ విన్యాసాన్ని ప్రొదునోవా అంటారు. 1999లో దీన్ని చేసి చూపిన రష్యా క్రీడాకారిణి పేరు అది. రెండో మొగ్గ పూర్తికాకముందే నేల తగిలితే మెడ, వెన్ను దెబ్బతింటాయి. అందుకే దీన్ని చేసినవాళ్ళు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

మరి గాలిలో అంత వేగంగా ఎలా తిరుగుతారు? మోకాళ్ళు రొమ్ముకు దగ్గరగా ముడుచుకుంటే ఒళ్ళు బంతిలా అవుతుంది, గిర్రున తిరుగుతుంది. ఒళ్ళు చాచితే తిరగడం నెమ్మదిస్తుంది. ఎప్పుడు ముడవాలి, ఎప్పుడు విప్పాలి అన్నదే ఆ విద్య. అది ఒక్కరోజులో రాదు. ముందు నేల మీద దొర్లడం, తర్వాత స్పాంజి ముక్కలు నింపిన గోతిలోకి దూకడం, ఆ తర్వాత పరుపు మీద దిగడం. మనం ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత వాక్యాలు నేర్చుకోలేదా? ఇదీ అంతే.

2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో దీపాకు కంచు పతకం వచ్చింది. 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్ళింది. మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి మహిళా జిమ్నాస్ట్ ఆమే. అక్కడ ఆమెకు 15.066 మార్కులు వచ్చాయి. మూడో స్థానం అమ్మాయికి 15.216. అంత చిన్న తేడాతో పతకం పోయింది. అయినా ఆమె ఆట మానలేదు. 2024లో ఆసియా పోటీల్లో బంగారు పతకం గెలిచింది. ఆ ఏడాదే ఆట నుంచి విరమించింది.

మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి కూడా ఉంది. మొదట కరాటే నేర్చుకుంది, తర్వాత జిమ్నాస్టిక్స్‌కు వచ్చింది. 2018లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్పులో వాల్ట్‌లో కంచు పతకం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పులో సొంతంగా పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే.

ఇప్పుడు అక్క అడిగిన మాటకు వద్దాం. అక్కా, నీ భయం అబద్ధం కాదు. సిమెంటు గచ్చు మీద, లోతు తెలియని బావిలోకి, కాలవలోకి పిల్లిమొగ్గలు వేయనివ్వొద్దు. తల ముందు తగిలితే మెడ విరగవచ్చు. ఎవరైనా అలా పడితే పట్టి లేపకండి, కూర్చోబెట్టకండి. మెడ కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి.

కానీ కొట్టి మాన్పించకు. నాలుగు బొంతలు పరిచి దొర్లమను. గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు గుండ్రంగా వంచమను. నెత్తి మీద బరువు పడకూడదు. బడిలో ఆటల మాస్టారు ఉంటే ఆయనకు చూపించు.

మగపిల్లాడు దూకితే చురుకైనవాడు అంటాం. ఆడపిల్ల దూకితే గంతులేమిటి అంటాం. ఆ పిల్లకు కావలసింది దెబ్బలు కాదు. కింద ఒక పరుపు, పక్కన ఒక గురువు.

మన ఇళ్ళలో ఆడపిల్లల ఆట ఏ వయసులో ఆగిపోతోంది? ఎవరు ఆపుతున్నారు? రేపు క్లాసులో చెప్పుకుందాం.