డిటెక్టర్లకై ఉమ్మడి విత్తసమీకరణము



ఈ ఉపన్యాసము ఎవరి సంస్మరణార్థమై ఏర్పడినదో ఆ ఆచార్యవర్యులు జీవితమున అధికభాగము ప్రయోగశాలయందే గడపినవారు. విశ్వరహస్యములను గూర్చి ప్రసంగించువారికి లోకమున కొదువ లేదు గాని, ఆ రహస్యములను ఛేదించిన ఉపకరణము ఎవరి సొమ్ముతో, ఎన్నేండ్ల ముందు, ఎవరెవరి సంతకములతో సిద్ధమైనదని అడుగువారు అరుదు. వారి పేర మాట్లాడు భాగ్యము లభించినపుడు ఆ ప్రశ్ననే చేపట్టుట న్యాయమని తలచితిని. భావికాలపు కణసంఘట్టన యంత్రములకు, అనగా కొలైడర్లకు, కావలసిన డిటెక్టర్లపై పరిశోధన జరుపుటకై పలుదేశముల సంస్థలు కూడి, ఒకే ప్రతిపాదన వ్రాసి, ధనము నర్థించు పద్ధతి ఎట్లు పుట్టి ఎట్లు పెరిగెనో అదియే నేటి విషయము. దరఖాస్తు వ్రాయుట గుమాస్తా పనియని మనవారిలో ఒక చులకన భావము గలదు. ఈ చరిత్ర విన్న పిమ్మట ఆ భావము కొంతయైన సడలునని నా ఆశ.

ఈ కథకు ఆదిని నేను 1971వ సంవత్సరమున ఉంచెదను. ఆ యేడు జనవరి 27వ తేదీన జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున, ఐ.ఎస్.ఆర్. అను యంత్రమునందు, ఎదురెదురుగా పరుగిడు రెండు ప్రోటాను పుంజములు ప్రపంచమున మొదటిసారిగా ఢీకొనెను. యంత్రనిర్మాతల కౌశలము నిందకు లోను గాదు. అది అద్భుతముగా పనిచేసెను. కాని ఢీకొన్న ప్రోటానులనుండి వెలువడు కణములు పుంజమునకు సమీపకోణములలోనే ముందునకు చిమ్మునని ఆనాటి విజ్ఞులు నమ్మియుండుటచేత, తొలినాటి డిటెక్టర్లలో పెక్కు ఆ దిక్కునకే చూచుచుండెను. ప్రక్కలకు చూచునవి చిన్నవియు, కొలదివియు. 1974 నవంబరులో అమెరికాయందు బ్రూక్‌హేవెన్‌లో శామ్యూల్ టింగ్ బృందమును, స్టాన్‌ఫర్డులో బర్టన్ రిక్టర్ బృందమును జే-సై కణమును ప్రకటించి భౌతికశాస్త్రమునే కుదిపివేసినపుడు, ఐ.ఎస్.ఆర్. వారికి కలిగిన పరితాపము ఊహింపదగినది. ఆ కణము వారి యంత్రమునను పుట్టుచునే యుండెను. రథము పడమటి వీధిన పోవుచుండగా తూర్పు వీధి అరుగులపై కూర్చున్న భక్తులవలె వారి పరికరములు వేరొక దిక్కు చూచుచుండెను. స్టాన్‌ఫర్డులోని మార్క్-1 డిటెక్టరు సంఘట్టన బిందువును దాదాపు అన్నివైపుల చుట్టి నిలిచినది; విజయమున దాని పాలు తక్కువది కాదు.

యంత్రమునకు ధనము మంజూరైన తరువాత డిటెక్టరును గూర్చి ఆలోచించుట ఎంత నష్టకరమో సెర్న్ ఆ విధముగా నేర్చుకొనెను. 1968లో ఆ పరిశోధనాలయముననే జార్జ్ షార్పాక్ బహుతంత్రీ కోష్ఠమును కనిపెట్టి కణములను వేగముగా, విద్యుత్సంకేతములద్వారా గుర్తించు మార్గము చూపియుండెను. ఆ పనికే 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. మేధ యుండెను, యంత్రముండెను. ఆ రెంటిని సకాలమున కలుపు విత్తవ్యవస్థయే లేకుండెను.

ఆ వ్యవస్థ, సెర్న్ తలపెట్టిన ఎల్.హెచ్.సి. అను ప్రోటాను కొలైడరు ప్రస్తావనతో మొలకెత్తెను. ఆ మహాయంత్రమును గూర్చి 1984లో లొజాన్‌లో సభ జరిగినపుడు, క్షణమునకు కోట్లకొలది సంఘట్టనములను తాళి, వికిరణమునకు చెడక, అందులో పనికివచ్చు కొన్నింటినే ఏరగల డిటెక్టరు సాధ్యమా యని సందేహించినవారు తక్కువమంది కారు. 1986లో ఆంటోనినో జికికి ప్రోద్బలమున, ఇటలీ ప్రభుత్వపు ధనముతో, సెర్న్‌లో ఎల్.ఏ.ఏ. అను పథకము మొదలాయెను. ఒక్క దేశము ఇచ్చిన సొమ్ముతో నడచినదైనను, ఏ ప్రయోగమునకును కట్టుబడక కేవలము డిటెక్టరు విద్యకే వెచ్చింపబడిన పెద్దమొత్తము అది. సూక్ష్మ ఎలక్ట్రానిక్సును సెర్న్ తన యింటి విద్యగా చేసికొనుటకు అదియే దారి తీసినది. 1990లో డిటెక్టర్ల పరిశోధనాభివృద్ధి సంఘము ఏర్పడెను. బృందములు ప్రతిపాదనలు పంపవలెను, సంఘము పరిశీలించి ఒక సంఖ్య నీయవలెను, ఆ సంఖ్యయే వాటి పేరు. ద్రవ ఆర్గానులో మడతల సీసపు పలకలు ముంచిన, కణముల శక్తిని కొలుచు కెలోరీమాపకము ఆర్‌డి-3లో పుట్టి అట్లాస్ అను ఎల్.హెచ్.సి. ప్రయోగమునకు చేరెను. సిలికాన్ పిక్సెల్ విద్య ఆర్‌డి-19లో ఎదిగి, అటుపిమ్మట వైద్యచిత్రణమునకు సైతము ప్రాకెను.

ఇక్కడ ఒక సూక్ష్మము గలదు. సంఘము ఆమోదించినంత మాత్రమున ధనము రాదు. సెర్న్ ఇచ్చునది స్వల్పము. తక్కినది ఆయా బృందములు తమతమ దేశములలో తెచ్చుకొనవలెను. ఐనను జెనీవాలో నిపుణులు పరీక్షించి తలయూపినారను మాటకు రోములోను పారిసులోను ఎంతటి విలువయో లెక్కకట్టలేము. ఏ దేశపు కోశాధికారియు ముందుగా సంచి విప్పడు. పొరుగువాడు విప్పినాడని తెలిసిన మీదట వెనుకాడడు. ఉమ్మడి ప్రతిపాదన యొక్క అసలు బలము ఈ మానవస్వభావముననే యున్నదని నా అభిప్రాయము.

1992 మార్చిలో ఏవియాఁ పట్టణమున నాలుగు బృందములు ఎల్.హెచ్.సి. ప్రయోగములకై తమ ఊహలను సభ ముందు పెట్టెను. వాటిలో ఆస్కాట్, ఈగిల్ అనునవి ఏకమై అట్లాస్‌గా పరిణమించినవి, సి.ఎం.ఎస్. తన పేరనే నిలిచినది, నాలుగవది రాలిపోయినది. ఒక్కొక్క మహాప్రయోగపు సామగ్రికి 47.5 కోట్ల స్విస్ ఫ్రాంకుల హద్దు విధించిరి. ఆ మొత్తమును పంచుకొనుటకు వ్రాసికొన్న అవగాహనపత్రములు న్యాయస్థానమున చెల్లు ఒప్పందములు కావు; వట్టి మాటకు కట్టుబడు పత్రములు. ధనమీయలేనివారు వస్తువు నీయవచ్చునని నియమము. రష్యా నావికాదళపు పాత ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులు కరిగి సి.ఎం.ఎస్. కెలోరీమాపకమునకు పలకలైన వృత్తాంతము ఈ నియమపు ఫలమే. యుద్ధసామగ్రి గతులలో ఇంతకంటె గౌరవప్రదమైన గతిని నేనెరుగను.

అదే కాలమున అమెరికా టెక్సాసులో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో తలపెట్టిన మహాకొలైడరును ఆ దేశపు కాంగ్రెసు 1993 అక్టోబరులో, సుమారు 200 కోట్ల డాలర్లు వ్యయమైన పిమ్మట, రద్దు చేసెను. దానికి కారణములు పెక్కు. వానిలో విదేశముల వాటాలు ముందుగా స్థిరపడకపోవుట యొకటి. అంతకు మించి ఆ విషాదమును తవ్వను.

ఎల్.హెచ్.సి. డిటెక్టర్ల నిర్మాణము సాగుచుండగనే దాని తరువాతి యంత్రమునకై యోచన మొదలాయెను. ఇచ్చట ఐరోపా సమాఖ్య ధనము రంగమున ప్రవేశించుచున్నది. 2006లో జర్మనీలోని డేజీ పరిశోధనాలయపు ఆధ్వర్యమున యూడెట్ పథకము మొదలాయెను. 12 దేశముల 31 సంస్థలు అందు చేరెను. బ్రస్సెల్స్ ఇచ్చినది 70 లక్షల యూరోలు, తక్కినది సభ్యసంస్థలు స్వయముగా భరించినవి. 2011లో ఐడా, 2015లో ఐడా-2020, 2021లో ఐడా-ఇన్నోవా క్రమముగా వచ్చినవి. చివరి రెంటికి సమాఖ్య తలకొక కోటి యూరోలు ఇచ్చినది. ఈ మొత్తములు డిటెక్టరు వ్యయము ముందు సముద్రమున కాకిరెట్ట. అయినను వానితో కొన్నదేమో చూడుడు: పరీక్షింపదలచిన సంవేదకమును కణపుంజమున నిలిపి, కణము ఎచటినుండి దూసుకొనిపోయెనో మైక్రానులలో చెప్పగల ఆరు పలకల దూరదర్శినిని యూడెట్ వారు నిర్మించి, ఎవరు కోరిన వారికి వాడుకకిచ్చిరి. పొరుగు దేశపు విద్యార్థికి పుంజసమయమును, దారిఖర్చును ఇచ్చుటకు వేరుగా పద్దు పెట్టిరి. ఏ ఒక్క విశ్వవిద్యాలయమును తన బడ్జెటులో ఇట్టి వస్తువును కొనదు. అందరికిని కావలసినది ఎవరికిని సొంతము గానక్కరలేదు గదా! ఈ పథకముల లోపమును కూడ చెప్పుట నా విధి. నలువది సంస్థలు కూడినచోట ప్రతి దోసిటిలోను పడునది కొన్ని బొట్లే. నివేదికలు వ్రాయుటకు పట్టు కాలము చూచి యువశాస్త్రజ్ఞులు విసుగుచెందుట సహజము.

మరియొక విచిత్రము. కాలిస్ అను అంతర్జాతీయ సహకారసంఘము భావి లీనియర్ కొలైడరు కొరకు, కణధారలోని ప్రతి పాయను విడివిడిగా చూడగల కెలోరీమాపకమును తలపోసి, 7,608 చిన్న కాంతిసంవేదకములతో ఒక ఘనమీటరు నమూనాను కట్టి, 2006 మొదలుకొని సెర్న్‌లోను, పిమ్మట ఫెర్మీల్యాబులోను పరీక్షించెను. ఆ లీనియర్ కొలైడరు నేటికిని కాగితముపైనే యున్నది. కాని ఆ విద్యనే సి.ఎం.ఎస్. వారు తమ నవీకరణమునకు స్వీకరించి, నేడు తమ కొత్త కెలోరీమాపకమును నిర్మించుచున్నారు. యంత్రము రాకున్నను దాని డిటెక్టరు పరిశోధన వ్యర్థము కాలేదు. నిధులిచ్చువారు ప్రతిపాదన చదువునపుడు "ఈ యంత్రము నిజముగా వచ్చునా?" యని అడుగుట మానవలెనని నేను కోరను, ఆ ప్రశ్నకు జవాబు చిక్కువరకు సంతకమును నిలుపరాదని మాత్రము కోరుదును.

2020 నాటి ఐరోపా కణభౌతికశాస్త్ర వ్యూహపత్రము డిటెక్టరు పరిశోధనకు ఒక మార్గసూచిని అడుగగా, భావి యంత్రములకై 1963 నుండి పనిచేయుచున్న ఎక్ఫా అను ఐరోపా సంఘము 2021లో దానిని ప్రకటించెను. తత్ఫలముగా డి.ఆర్.డి. అను సహకారసంఘములు వెలసి, వాయు, ద్రవ, ఘన డిటెక్టర్లు, కెలోరీమాపకములు, ఎలక్ట్రానిక్సు మున్నగు విభాగములను పంచుకొని, 2024 నుండి పనికి దిగినవి. 90.7 కిలోమీటర్ల భావి వలయ కొలైడరు సాధ్యాసాధ్యముల నివేదిక 2025 మార్చిలో వెలువడినది. యంత్రమునకు తుది నిర్ణయము కాలేదు. డిటెక్టరు పరిశోధన మాత్రము సాగుచున్నది. ఐ.ఎస్.ఆర్. నేర్పిన పాఠము అర్ధశతాబ్దమునకు ఆచారమైనదన్నమాట.

మనదేశము ఈ చరిత్రకు వెలుపల లేదు. 1991లో సెర్న్‌తో సహకార ఒప్పందమైనది, సి.ఎం.ఎస్. బాహ్య హాడ్రాన్ కెలోరీమాపకమున టాటా మౌలికపరిశోధన సంస్థయు, పంజాబు విశ్వవిద్యాలయమును చేసిన పని సుప్రసిద్ధము; అణుశక్తి శాఖయు, శాస్త్ర సాంకేతిక శాఖయు కలిసి ఖర్చు మోయుట మన దేశములో ఉమ్మడి విత్తమునకు చక్కని మాదిరి; 2017లో భారతదేశము సెర్న్‌కు సహసభ్యత్వము పొందినది. జపానులోని బెల్-2 ప్రయోగమున హైదరాబాదు ఐ.ఐ.టి. భాగస్వామి. అయినను మన నిధులు ప్రాయికముగా ఖరారైన ప్రయోగము వెంట నడచునవి. దానికి ముందు నడచునవి తక్కువ. ఈ వరుస మారవలెను.

తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో భౌతికశాఖ ఒకచోట, ఎలక్ట్రానిక్సు శాఖ మరియొకచోట, ఒకరి దరఖాస్తు నొకరు ఎరుగక, చిన్న మొత్తములకై వేరువేరుగా ఢిల్లీకి వ్రాసికొనుచున్నవి. సిలికాన్ సంవేదకములను పరీక్షించు ఒక్క ఉమ్మడి ప్రయోగశాలకై అందరును కలిసి ఒక్క ప్రతిపాదన వ్రాసి, దాని బలముతో డి.ఆర్.డి. సంఘములలో స్థానము నర్థింపవలెను. ఈ సభలోనున్న శాఖాధ్యక్షులు రాబోవు విద్యాసంవత్సరము తొలి మాసముననే ఒకచోట కూర్చుండి దాని చిత్తుప్రతి వ్రాయుటకు పూనుకొందురు గాక యని వినయపూర్వకముగా ప్రార్థించుచున్నాను.