పిల్లితో ప్రయాణము

పిల్లి యెదురైనచో ప్రయాణము మానువారిని మీరెరుగుదురు. నేను పిల్లిని వెంటబెట్టుకొనియే ప్రయాణము చేసితిని. వార్ధక్యమున కుమారునియొద్ద నుండుటకై, బెజవాడ విడిచి విశాఖపట్టణమునకు రమారమి 350 కిలోమీటర్లు కారులో పోవలసివచ్చినది. పదేండ్లు మా యింట పెరిగిన పిల్లిని వీధిపాలు చేయుటకు మనసొప్పలేదు.

బయలుదేరుటకు నాలుగు గంటల ముందు దానికి కొలదిగా ఆహారము పెట్టితిని. కడుపు నిండియున్నచో బండి కుదుపునకు వమనము చేసికొనును. దారిలో పాలు పోయుమని ఇంటివారు తొందరపెట్టిరి, నేనొప్పుకొనలేదు. ప్రియము వేరు, హితము వేరు. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర జీర్ణముగాక విరేచనములగును. బండి నిలిపినపుడెల్ల, తలుపులు మూసియుంచి, మంచినీరు మాత్రము చూపితిని.

గమ్యము చేరిన పిమ్మట అలవాటైన ఆహారమే పెట్టవలెను. పెరుగన్నము చాలదు, పిల్లి మాంసాహారి. మాంసమందును చేపలందును ఉండు టారిన్ అను పదార్థము కొరవడినచో దాని కన్నులు చెడునని 1975లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఉల్లి, వెల్లుల్లి చేరిన కూరలు దానికి హానికరములు. ఒక దినమునకు మించి తినకున్నచో పశువైద్యునికి చూపవలెను. బలిసిన పిల్లికి కొలది దినముల పస్తుతోనే కాలేయము చెడి ప్రాణాపాయము కలుగవచ్చును.

బెదరి మంచము క్రింద దూరిన మా పిల్లి మరునాటి యుదయమునగాని తినలేదు. అంతవరకు నాకును ముద్ద దిగలేదు.